పంద్రాగస్టు సెలవు: పిల్లలతో పంచుకునే నవ్వు

తూర్పు పేటల్లో నివసించేవారికి ఆగస్టు 15 ఉదయం మొదట చెవులకే తెలుస్తుంది. ఏడాది పొడవునా వినిపించే మరమగ్గాల చప్పుడు ఆనాడు చాలా కార్ఖానాలలో ఆగిపోతుంది. రోజూ ఆ చప్పుడులోనే హాయిగా నిద్రించే ఒక పిల్లవాడు, అది ఆగగానే ఉలిక్కిపడి లేచి, "బాపూ, ఏదో ఆగిపోయింది!" అన్నాడట. తండ్రి కళ్ళు తెరవకుండానే, "మగ్గం ఆగింది బిడ్డా, నీ నోరు ఆగలేదు. పండుకో" అన్నాడట.

ఇది మన పేటలలో ఎవరింటనైనా పుట్టగల హాస్యం. తండ్రికి సెలవు, బిడ్డకు బడిలో జెండా వందనం తరువాత సెలవు. జిలేబి పొట్లం ఇంటికి వచ్చిన వేళ కుటుంబమంతా ఒక్కచోట కూర్చునే రోజులు ఏడాదిలో ఎక్కువ లేవు. ఆ రెండు మూడు గంటలలో పిల్లలతో ఏమి మాట్లాడాలి? ఉపన్యాసాలు వారు బడిలో విన్నారు. ఇంటిలో వారికి నవ్వును ఇవ్వవచ్చును. ఆ నవ్వు ద్వారానే తెలుగు మాటను, ఊరి చరిత్రను, తోటివారిని గౌరవించే పద్ధతిని కూడా ఇవ్వవచ్చునని చెప్పడమే ఈ పాఠం ఉద్దేశము.

ఒక జవాబు, ఒక తరగతి నవ్వు

నా చిన్ననాటి సంగతి ఒకటి ముందుగా చెప్పవలసి ఉన్నది. స్వాతంత్ర్య దినోత్సవానికి ముందు రోజు మా తరగతిలో గురువుగారు మరాఠీలో, "బాపూ ఏమి చేసేవారు?" అని అడిగారు. కరీంనగరు ప్రాంతం నుండి వచ్చిన మా ఇంటిలో బాపు అంటే తండ్రి. నేను వెంటనే లేచి, "మా బాపు చద్దర్లు నేస్తారు" అని జవాబిచ్చాను. తరగతి అంతా పెద్దపెట్టున నవ్వింది. గురువుగారు కూడా నవ్వి, నన్ను కూర్చోమని సైగ చేసి, వేరొక విద్యార్థిని అడిగారు. ఎవరూ నన్ను తిట్టలేదు. కాని ఆ రోజు మొదలు చాలాకాలం నేను మిత్రుల ఎదుట మా తండ్రిని "బాపూ" అని పిలువలేదు. "పప్పా" అన్నాను. ఆయన ఎందుకని అడుగలేదు.

ఒక్క నవ్వు ఒక పిల్లవాని నోటినుండి ఒక మాటను తీసివేయగలదు. అయితే అదే నవ్వు పోయిన మాటను తిరిగి తేగలదు కూడా. ఏ నవ్వు తీసివేస్తుందో, ఏది తెచ్చి ఇస్తుందో పెద్దలమైన మనకు తెలిసి ఉండవలెను.

స్వాతంత్ర్యోద్యమంలో హాస్యం

జాతీయ పర్వదినాన హాస్యమేమిటని కొందరు పెద్దలు సందేహించవచ్చును. కాని స్వాతంత్ర్యోద్యమ నాయకులలో పలువురు హాస్యప్రియులు. 1907లో బిపిన్ చంద్ర పాల్ రాజమహేంద్రవరంలో ప్రసంగించినప్పుడు దానిని తెలుగులోనికి అనువదించినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు. అనువాదం ముగించి ఆయన ఆశువుగా ఒక పద్యం చెప్పారు. మన దేశాన్ని చక్కని పాడియావుతోను, ప్రజలను ఆకలితో ఏడ్చే లేగదూడలతోను, దూడల మూతులు బిగించి పాలు పిండుకునే గడుసు గొల్లవారితో తెల్లవారిని పోల్చిన పద్యమది. పరిపాలకుని దోపిడిని పాలు పిండే గడుసుదనంగా చూపిన ఆ చమత్కారం తెలుగునాట ఎందరికో కంఠస్థమైనది.

మహాత్మాగాంధీ 1931లో రౌండ్ టేబుల్ సమావేశానికై లండను వెళ్ళినప్పటి ఉదంతం నేతపనివారి పిల్లలకు మరింత రుచిస్తుంది. ఆయన తన కొల్లాయితోనే రాజభవనంలో ఐదవ జార్జి చక్రవర్తి విందుకు వెళ్ళారు. ఆ దుస్తులు చాలవేమోనని అడిగినవారికి, మా ఇద్దరికీ సరిపడే బట్ట రాజుగారే ధరించి ఉన్నారని గాంధీజీ బదులిచ్చినట్లు ప్రసిద్ధి. ఈ కథ చెప్పి, "రాజుగారి ఒంటిమీద ఎన్ని గజాల బట్ట ఉండి ఉంటుంది?" అని పిల్లలను అడిగి చూడండి. చద్దరు కొలతలు తెలిసిన ఇంటి పిల్లలు వెంటనే లెక్క మొదలుపెడతారు.

ఆ ప్రయాణంలోనే గాంధీజీ లాంకషైరులోని డార్వెన్‌కు వెళ్ళారు. మనవారు విదేశీ వస్త్రాన్ని బహిష్కరించినందువలన అక్కడి మిల్లు కార్మికులకు పని తగ్గి ఉన్నది. అయినను మిల్లు స్త్రీలు ఆయన చుట్టూ చేరి ఉత్సాహంతో జయధ్వానాలు చేశారు. ఆనాటి ఛాయాచిత్రంలో వారి నడుమ ఆయన నవ్వుతూ కనిపిస్తారు. ఎదుటివారి పట్ల ద్వేషం లేని పోరాటంలో మాత్రమే అటువంటి నవ్వుకు తావు ఉంటుంది.

హైదరాబాదులో 1879లో జన్మించిన సరోజినీ నాయుడు గాంధీజీని చనువుగా "మిక్కీ మౌస్" అని పిలిచేవారు. ఆయన పెద్ద చెవులను గుర్తుచేసుకుంటే పిల్లలకు కారణం చెప్పనక్కరలేదు. ఇక 1948లో శంకర్ తన వ్యంగ్యచిత్రాల వారపత్రికను ప్రారంభించినప్పుడు, ప్రధానమంత్రి నెహ్రూ తనను కూడా విడిచిపెట్టవద్దని ఆయనను కోరారు. పెద్ద పదవిలో ఉన్నవారు తమపై వచ్చే హాస్యాన్ని భరించడం స్వతంత్ర దేశానికి గుర్తు. ఇంటిలో తండ్రి తనపై బిడ్డ వేసిన ఛలోక్తికి నవ్వగలిగితే, ఆ పాఠం ఇంటినుండే మొదలైనట్లు.

రెండు భాషల నడుమ పుట్టే నవ్వు

మన పిల్లలు ఇంటిలో తెలుగు, బడిలో మరాఠీ, వీధిలో హిందీ, కన్నడము వింటారు. ఇది బరువని కొందరు తల్లిదండ్రులు భావించి, ఇంటిలో కూడా తెలుగు మానివేస్తున్నారు. నిజానికి ఇది ఒక నిధి. ఒక్క భాష తెలిసిన పిల్లలకు అందని హాస్యం మన పిల్లలకు అందుతుంది. ఈ క్రింది మూడింటిని పరిశీలించండి.

ఒకటి. తెలుగులో పాలు త్రాగేవి. మరాఠీలో "పాల్" అంటే బల్లి. ఊరినుండి క్రొత్తగా వచ్చిన అత్తమ్మ పొరుగింటికి వెళ్ళి, "చాయలకు కొంచెం పాలు కావాలె" అన్నది. తెలుగు రాని ఆ ఇల్లాలు గోడలన్నీ వెదికి, "మా ఇంట్లో ఒక్కటే ఉండేది, నిన్ననే తరిమేశాము. అయినా చాయలో ఎందుకు?" అన్నదట.

రెండు. మరాఠీలో "కాల్" అంటే నిన్న. ఒకనాడు బడికి రాని పిల్లవానిని గురువుగారు, "కాల్ కా ఆలా నాహీస్?" అని అడిగారు. నిన్న ఎందుకు రాలేదని దాని అర్థం. పిల్లవాడు కాలు చాచి చూపి, "కాలు మంచిగనే ఉన్నది సార్, కడుపే నొచ్చింది" అన్నాడట.

మూడు. మనకు చద్ది అంటే రాత్రి మిగిలిన అన్నం. మరాఠీలో "చడ్డీ" అంటే పొట్టి లాగు. "మా నాయనమ్మ పొద్దుగాల్నే చద్ది తింటది" అని ఒక బాలిక గొప్పగా చెప్పగా, ఆమె స్నేహితురాలు జాలిపడి, "అయ్యో, మరి మీ తాతయ్య ఏం తొడుక్కుంటాడు?" అన్నదట.

వీటిలో ఎవరు తెలివితక్కువవారు? ఎవరూ కారు. ఇరువురూ తమ తమ భాషలో సరిగానే విన్నారు. తప్పు మనిషిది కాదు, రెండు మాటలు ఒక్క రూపంలో ఎదురుపడ్డాయి, అంతే. అందుచేత ఈ నవ్వు ఎవరినీ నొప్పించదు. పైగా దీనిని పూర్తిగా ఆస్వాదించడానికి రెండు భాషలూ తెలిసి ఉండాలి కనుక, తెలుగు తెలిసి ఉండడం బిడ్డకు ఒక అర్హత అవుతుంది. ఇటువంటి జంట మాటలను వెదికే పనిని పిల్లలకే అప్పగించండి. సాయంత్రానికి వారు తెచ్చేవి పెద్దలకు తెలిసిన వాటికంటె ఎక్కువే ఉంటాయి.

పొడుపు కథలతో చరిత్ర

పొడుపు కథ వినేవారిని ఆలోచింపజేసి, విడిపోగానే నవ్విస్తుంది. పంద్రాగస్టుకు తగినవి కొన్ని ఇక్కడ ఇస్తున్నాము. వెంటనే జవాబు చెప్పక పిల్లలకు వ్యవధి ఇవ్వండి.

"చెట్టు లేదు, కొమ్మ లేదు. ఇరవై నాలుగు ఆకులు. ఎండకు వాడవు, వానకు రాలవు." జవాబు: జెండా మధ్యనున్న అశోక చక్రం. చక్రపు కమ్మిని తెలుగులో ఆకు అంటారు. బండి చక్రాలు కనుమరుగైన పట్టణంలో ఈ అర్థం పిల్లలకు తెలిసే అవకాశం లేదు. బీడీలు చుట్టే ఇంటిలోనైతే మొదటి జవాబు "అమ్మ చాటలోని ఆకు" అని వస్తుంది. దానికీ నవ్వండి, ఆ తరువాత చక్రం బొమ్మను చూపండి. ఒక పాతమాట ఇక మరచిపోరు.

"పొద్దంతా ఇటు పరుగు, అటు పరుగు. గడప మాత్రం దాటదు. కడుపులోనిదంతా ఇచ్చి ఖాళీ అవుతుంది." జవాబు: కండెను కడుపులో దాచుకున్న నాడె.

"ఒకటి నిలువుగా పోతుంది, ఒకటి అడ్డంగా వస్తుంది. తగవు లేదు. విడదీస్తే రెండూ దారాలే." జవాబు: పడుగు, పేక.

"అందరూ నోరు తెరుస్తారు, ఎవరూ తినరు. అందరూ లేచి నిలబడతారు, ఎవరూ నడవరు. నిమిషం నిండకముందే అయిపోతుంది." జవాబు: జాతీయ గీతం. దానిని పాడే సమయం సుమారు 52 సెకండ్లు.

"ఒక తల్లికి ఇద్దరు కొడుకులు. ఇద్దరూ బ్రతికి ఉన్నారు. తమ్మునికి 1947లో స్వాతంత్ర్యం వచ్చింది, అన్నకు 1948లో వచ్చింది. ఎట్లా?" ఇది మన సోలాపూరు తెలుగువారికే చెందిన పొడుపు కథ. సోలాపూరు బ్రిటిషు పాలనలో ఉండేది. కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ, మహబూబునగరు జిల్లాలు నిజాము సంస్థానంలో ఉండేవి. 1877లో ఇక్కడ తొలి నూలు మిల్లు, జునీ మిల్లుగా పేరొందినది, స్థాపితమైన తరువాత ఆ జిల్లాల పద్మశాలి కుటుంబాలు తరతరాలుగా పనికై ఇక్కడికి తరలివచ్చాయి. కనుక ఇక్కడ నేసే తమ్మునికి 1947 ఆగస్టు 15న స్వాతంత్ర్యం లభించగా, ఊరిలో మిగిలిన అన్న మరి పదమూడు నెలలు, 1948 సెప్టెంబరు 17 వరకు వేచి ఉండవలసి వచ్చింది. ఆ సెప్టెంబరు 13న హైదరాబాదు వైపు కదలిన భారత సైన్యపు ప్రధాన దళం బయలుదేరినది సోలాపూరు నుండియే. ఇంటిలో పెద్దలుంటే, ఆ నెలలలో ఊరినుండి ఎవరు వచ్చారో, ఎలా వచ్చారో అడిగి తెలుసుకోవడానికి ఈ పొడుపు కథ చక్కని దారి.

ఏ నవ్వు తగదు

చరవాణిలో వచ్చే హాస్యమంతా పిల్లల చెవిన పడుతున్నది. అందులో కొంత కులాన్ని, మతాన్ని, భాషను, పేదరికాన్ని, శరీర లోపాన్ని ఎగతాళి చేసేదిగా ఉంటుంది. ఒక జాతివారంతా పిసినారులనీ, మరొకరంతా మొద్దులనీ చెప్పే ఛలోక్తిని బిడ్డ ఇంటికి తెచ్చినప్పుడు ఏమి చేయాలి?

కోపగించవద్దు. బిడ్డకు దానిలోని విషం తెలియదు, నవ్వు మాత్రమే తెలుసు. ఒక చిన్న పరీక్ష నేర్పండి: "ఎవరిమీద ఈ మాటో, వాళ్ళ అబ్బాయి నీ పక్కన కూర్చుని ఉంటే చెప్పగలవా? విని అతను కూడా నవ్వుతాడా?" నవ్వుతాడంటే అది హాస్యం. నవ్వడంటే అది అవమానం. ఈ పరీక్షకు ఏ పుస్తకమూ అవసరం లేదు, ఏడేండ్ల పిల్లలు కూడా దీనిని సరిగా చేయగలరు.

మన ఊరిలో ఈ పరీక్షకు ఒక చారిత్రక కారణం కూడా ఉన్నది. 1930 ఏప్రిల్ 6న సోలాపూరు పురపాలక భవనంపై జాతీయ జెండా ఎగిరింది. ఆ మే నెలలో గాంధీజీ అరెస్టు వార్త తెలియగానే మిల్లు కార్మికులు, ప్రజలు వీధులలోనికి వచ్చారు. కాల్పులు జరిగాయి. కొన్ని దినాలు పట్టణం బ్రిటిషు అధికారుల చేతిలో లేదు. మే 12న సైనిక శాసనం విధించారు. 1931 జనవరి 12న ఎరవాడ చెరసాలలో మల్లప్ప ధనశెట్టి, కుర్బాన్ హుసేన్, జగన్నాథ్ శిందే, శ్రీకిసన్ సారడాలను ఉరితీశారు. ఆ నాలుగు పేర్లను నెమ్మదిగా చదివి చూడండి. ఒకే కులం కాదు, ఒకే మతం కాదు, ఇంటి భాష కూడా ఒకటి కాదు. ఆ నలుగురి విగ్రహాల ఎదుట మాల వేసి వచ్చిన నాడే, వారిలో ఒకరి సముదాయాన్ని వెక్కిరించే మాటకు ఇంటిలో నవ్వితే, వేసిన మాలకు అర్థం లేదు.

మరొక నియమం సమయానికి సంబంధించినది. జెండా ఎగురవేసే వేళ, జాతీయ గీతం పాడే వేళ నవ్వులాటకు విరామం ఇవ్వవలెను. ఊరేగింపులో పట్టుకున్న కాగితపు జెండాలను వీధిలో పారవేయరాదు. పంచిన జిలేబి పొట్లాలతోపాటు అవి కాలువలలో చేరకుండా చూడండి. ప్లాస్టిక్ జెండాలను కొనరాదు. చినిగిన జెండాను గౌరవంగా, ఏకాంతంగా విసర్జించాలని జెండా నియమావళి చెబుతున్నది.

ఎలా చెప్పాలి

హాస్యాన్ని వివరిస్తే చచ్చిపోతుంది. బిడ్డకు అర్థం కాకపోతే ఆ కథను విడిచి మరొకటి చెప్పండి. ముగింపు మాటను తెలుగులోనే ఉంచండి. మిగిలినది బిడ్డకు తెలిసిన భాషలో ఉన్నా బాధ లేదు.

మీరు ఒకటి చెబితే, బిడ్డను రెండు చెప్పనివ్వండి. ఉచ్చారణ తప్పినప్పుడు మధ్యలో ఆపి సరిదిద్దవద్దు. కథ ముగిసిన తరువాత, సరియైన మాటను మీ మాటలలో కలిపి ఒకసారి పలకండి, చాలును. నవ్వించబోయిన బిడ్డను నవ్వులపాలు చేయరాదు.

తల్లులకు ఈ రోజున కూడా విశ్రాంతి దొరకకపోవచ్చును. అయితే ఆకు కత్తిరించే చేతులకు పని ఉన్నా, నోటికి, చెవికి తీరిక ఉంటుంది. నాయనమ్మలు, అమ్మమ్మలు చెప్పే పరమానందయ్య శిష్యుల కథలు, తెనాలి రామకృష్ణుని కథలు ఇందుకు ఎంతో అనువైనవి. మొదటివాటిలో అమాయకత్వం నవ్విస్తుంది, రెండవవాటిలో రాజు ఎదుట కూడా తగ్గని తెలివి నవ్విస్తుంది. అక్షరాలు చదవగలిగిన పిల్లల చేతికి పాత "చందమామ" సంచిక ఒకటి ఇవ్వండి. ఆ పత్రిక తొలి సంచిక వెలువడినది 1947 జూలైలో. అంటే మన స్వాతంత్ర్యం కంటె అది ఒక నెల పెద్దదని చెప్పండి. పిల్లలు గుర్తుంచుకుంటారు.

ముగింపు

నా తరగతిలో జరిగిన సంగతిని మా తండ్రిగారికి నేను చెప్పినది చాలా ఏండ్ల తరువాత, ఒక పంద్రాగస్టు మధ్యాహ్నం, అన్నాలు తిని కూర్చున్న వేళ. ఆయన నొచ్చుకుంటారని జంకుతూనే చెప్పాను. ఆయన కళ్ళలో నీళ్ళు వచ్చేటంతగా నవ్వారు. తరువాత, "మీ సారుకు జవాబు సరిగనే చెప్పినవు. ఆ బాపు నూలు వడికిండు, ఈ బాపు బట్ట నేసిండు. నూలు ఒక్కటే ఉంటే ఒంటికేం కట్టుకుంటరు?" అన్నారు.

అదే మాట ఆనాడు తరగతిలో ఎవరైనా అని ఉంటే, నా పేరు చెప్పి నవ్వినవారంతా నాతో కలిసి నవ్వేవారు. ఆ రోజునుండి నేను ఆయనను మళ్ళీ "బాపూ" అని పిలుస్తున్నాను. మన పిల్లలు అన్ని ఏండ్లు ఆగవలసిన అవసరం లేదు.

అభ్యాసం

1. మీ ఇంటిలో తండ్రిని, తల్లిని, తాతను ఏమని పిలుస్తారు? ఆ మాటలకు మరాఠీలో, కన్నడంలో వేరే అర్థాలు ఉన్నాయా?

2. తెలుగులో ఒక అర్థం, మరాఠీలో మరొక అర్థం కలిగిన మూడు మాటలను వెదికి, ఒక్కొక్కదానితో ఒక చిన్న హాస్య సంభాషణ వ్రాయండి.

3. మగ్గానికి సంబంధించిన ఏదైనా ఒక పనిముట్టుపై మీరే ఒక పొడుపు కథ కట్టండి. జవాబును పొరుగింటి పిల్లలను అడగండి.

4. మీరు ఇటీవల విన్న ఒక ఛలోక్తిని తీసుకొని, పైన చెప్పిన పరీక్ష చేయండి. అది హాస్యమా, అవమానమా? కారణం చెప్పండి.

5. మీ కుటుంబం సోలాపూరుకు ఏ ఊరినుండి వచ్చింది? ఆ ఊరికి స్వాతంత్ర్యం ఏ తేదీన వచ్చింది? ఇంటి పెద్దలను అడిగి వ్రాయండి.